సేన్ మ్యా మౌనం పట్టిన వైనం

మౌల్మీన్ రేవుకి ఎదురుగా మొహింగా అంగడి నడిపే సేన్ మ్యా గొంతు గురించి మా ఊళ్ళో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలే. ఆవిడ ఇక్కడ అరిస్తే నది అవతల మార్తబాన్‌లో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారన్నది శుద్ధ అబద్ధం. నది చాలా వెడల్పు. మిగతా సగం మాత్రం నిజం. తెల్లారకముందే చేపల పులుసు కాచి, సన్న సేమ్యా మీద పోసి, అరటిదవ్వ ముక్కలు చల్లి గిన్నె చేతికిచ్చేలోపు ఆవిడ మీ ఇంటి సంగతులన్నీ కనుక్కునేది, అందులో మీ తప్పెంతో తేల్చేది, దిద్దుకునే దారి కూడా చెప్పేది. తిట్లు ఊరికే వచ్చేవి. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్ళూ లేకపోలేదు.

ఆమె భర్త సాన్ పే దానికి పూర్తిగా వ్యతిరేకం. నోట్లో నాలుక లేని మనిషి. ఏళ్ళ తరబడి నది మీద లాంచీ నడిపాడు. లాంచీలో ఇంజను మోత, ఇంట్లో భార్య మోత, ఇక పాపం ఆయన మాట్లాడేదెప్పుడు? 'నేను' అని మొదలుపెడితే చాలు, 'టీ కావాలా? ఇదిగో, అక్కడే ఉంది, కళ్ళు కనపడవా' అని వాక్యం ఆవిడే పూర్తిచేసేది. అది ఆయన అనబోయిన వాక్యం కాదని చెప్పడానికి మళ్ళీ ఇంకో వాక్యం మొదలుపెట్టాలి కదా, ఆ ఓపిక లేక టీ తాగేసేవాడు.

లాంచీ ఉద్యోగం అయిపోయాక ఆయన అంగడికి రావడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామని గరిటె అందుకుంటే, "అబ్బ, పక్కకి జరగవయ్యా, చెయ్యి కాల్చుకుంటావు" అని లాక్కునేది. ముక్కాలిపీటలు సర్దితే అక్కడ కాదనేది. గిన్నెలు కడిగితే తిరిగి కడిగేది. పిల్లలు లేరు, ఇంట్లో ఉన్నది ఇద్దరే. పొద్దంతా ఆయన రేవు వైపు చూస్తూ ఓ మూల పీట మీద కూచునేవాడు.

కొత్త సంవత్సరానికి చేసే నీళ్ళ పండుగ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఆ పీట మీది మనిషి ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"సేనూ, ఈ పండక్కి నేను చీవరం కట్టుకుంటాను."

"కట్టుకో. మంచి మాటే చెప్పావు. పుణ్యం నాకూ కొంచెం పంచు" అంది సేన్ మ్యా, ఉల్లిపాయలు తరుగుతూ. కొత్త సంవత్సరానికి మగవాళ్ళు ఓ పది రోజులు గుండు కొట్టించుకుని, భిక్షువుల కాషాయబట్ట కట్టుకుని మఠంలో ఉండి రావడం మాకు మామూలే. "పది రోజులేగా. తిరిగొచ్చేసరికి పైకప్పు బాగుచేయించాలి."

"పది రోజులయ్యాక నిన్ను మళ్ళీ అడుగుతాను. నువ్వు సరేనంటే ఇక చీవరం విప్పను. అక్కడే ఉండిపోతాను."

కత్తి ఆగిపోయింది. ఆయన లేచి, గొడుగు తీసుకుని, ఏమీ జరగనట్టే రేవు వైపు వెళ్ళిపోయాడు. మా దేశంలో ఇది చిన్న విషయం కాదు. పెళ్ళయిన మగవాడు సన్యాసంలో ఉండిపోవాలంటే భార్య సరేననాలి. సరేననకపోతే, ఒక మనిషి చీవరానికి అడ్డుపడిన పాపం జన్మజన్మలకీ వెంటాడుతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. కాదంటే పాపం. అవునంటే ఇల్లు ఖాళీ.

పక్క కొట్లో తమలపాకులు చుట్టే లే న్వే అంతా విననే వింది. వినకపోతే ఆమె లే న్వే ఎలా అవుతుంది!

"నీ నోటికి జడిసి పారిపోతున్నాడక్కా" అంది, ఆకుకి సున్నం రాస్తూ.

"నోర్ముయ్యవే. జడిసేవాడైతే పెళ్ళయిన వారానికే పారిపోయేవాడు. ఇన్నేళ్ళు ఆగుతాడా?"

"ఓపికపట్టాడు. ఎవరి ఓపిక్కైనా ఓ హద్దుంటుంది కదా."

మామూలుగా అయితే ఈ మాటకి లే న్వే తాతముత్తాతలు కూడా సమాధుల్లోంచి లేచి రావలసినన్ని తిట్లు పడేవి. ఈసారి సేన్ మ్యాకి కన్నీళ్ళు బొటబొటా కారాయి. ఉల్లిపాయలని చెప్పుకోవడానికి కూడా లేదు, తరగడం ఎప్పుడో ఆపేసింది. అది చూసి లే న్వే బెదిరిపోయింది.

"అయ్యో అక్కా, ఏడవకు. నేనో ఉపాయం చెబుతాను విను. ఆయనుండబోయే మఠంలోనే పండగ పది రోజులూ ధ్యానం నేర్పుతారు. ఆడవాళ్ళకి వేరే వరస. నోరు మెదపకూడదు, అది నియమం. నువ్వు చేరు. నువ్వు నోరు మూసుకుని కూచోవడం ఆయన కళ్ళారా చూశాడనుకో, ఇక అడగనే అడగడు. ఇంటికొచ్చేస్తాడు."

"నేనా? నోరు మూసుకునా?"

"నేనూ తోడొస్తాలే. చూడ్డానికైనా రావాలిగా!"

అలా సేన్ మ్యా జీవితంలో మొదటిసారి ధ్యానానికి బయలుదేరింది. మనసు కడుక్కోవడానికి కాదు, మొగుణ్ణి తిరిగి తెచ్చుకోవడానికి.

కొండమీది మఠంలో సాన్ పేకి గుండు చేస్తుంటే, రాలే వెంట్రుకలు నేల మీద పడకుండా తెల్లగుడ్డ పట్టుకోవలసింది ఇంటివాళ్ళే. ఒక కొస సేన్ మ్యా పట్టుకుంది, రెండో కొస లే న్వే. నెరిసిన జుట్టు కుచ్చులు కుచ్చులుగా గుడ్డలో పడుతుంటే 'చెవి వెనక సరిగ్గా గియ్యి నాయనా' అని మంగలికి చెప్పబోయి నాలుక కరుచుకుంది. కాసేపటికి ఆయన చీవరం కట్టుకుని వచ్చి ఎత్తు పీట మీద కూచున్నాడు. నిన్నటిదాకా 'ఏమయ్యా, చెవుడా' అన్న నోటితో ఇప్పుడు 'స్వామీ' అనాలి. మోకాళ్ళ మీద కూచుని మొక్కడం మొదలుపెట్టింది, మూడుసార్లు మొక్కాలి. గుండుతో ఆయన ముఖం కొత్తగా, ప్రశాంతంగా, ఎవరి మొగుడో అన్నట్టు ఉంది.

"సుఖంగా ఉండు దాయకమ్మా" అన్నాడాయన, దానాలిచ్చే అందరు ఆడవాళ్ళనీ పిలిచినట్టే.

దాయకమ్మా! సేన్ మ్యాకి ఒళ్ళు మండిపోయింది. మండినా మూడో మొక్కు సగంలో ఉంది కాబట్టి కిందికే చూస్తూ ఊరుకుంది.

ధ్యానశాల పొడుగాటి రేకుల షెడ్డు. మధ్యలో గుడ్డ తెర. తెరకి ఇటు ఆడవాళ్ళు తెల్లరవికెలు, గోధుమరంగు పైగుడ్డలు వేసుకుని, అటు భిక్షువులూ మగవాళ్ళూ. మధ్యాహ్నం దాటాక తిండి లేదు. గురువుగారితో తప్ప ఎవరితోనూ మాట లేదు. కొండ కింద వీధుల్లో లారీల మీద పాటలు, బకెట్లతో నీళ్ళు, కేరింతలు. పైన ఎండకి రేకులు చిటపటలాడటం ఒక్కటే చప్పుడు.

ధ్యానం నేర్పే పెద్ద భిక్షువుని అందరూ సయాడో అంటారు. బక్కపలచటి ముసలాయన. కొత్తవాళ్ళందర్నీ కూచోబెట్టి చెప్పాడు.

"ఊపిరికి పొట్ట ఉబ్బుతుంది, తగ్గుతుంది. మనసు అక్కడ పెట్టండి. ఉబ్బితే ఉబ్బుతోంది అనుకోండి, తగ్గితే తగ్గుతోంది అనుకోండి. మనసు ఇంకెక్కడికైనా పోతే తిట్టకండి, ఎక్కడికి పోయిందో పేరు పెట్టి వెనక్కి రండి. దురదైతే దురద. ఆలోచనైతే ఆలోచన."

"అంతేనా స్వామీ?" అంది సేన్ మ్యా.

"అంతే తల్లీ. చేసి చూడు."

ఓస్ ఇంతేనా అనుకుంది. గంట మోగింది. కళ్ళు మూసుకుంది.

ఉబ్బుతోంది. తగ్గుతోంది. ఉబ్బుతోంది. దోమ. దోమ. దురద. తగ్గుతోంది. ఇంటికి తాళం వేశానా? వేశాను. ఆలోచన, ఆలోచన. ఉబ్బుతోంది. ఆయన మోకాలు. చాప మీద ఎలా కూచున్నాడో. నూనె సంచిలో పెట్టాను, రాసుకున్నాడో లేదో. చెబితే తప్ప రాసుకోడు. ఆలోచన. తగ్గుతోంది. ఎవరో దగ్గుతున్నారు. ఆయన దగ్గు కాదు. ఆయనది పొడిదగ్గు. హమ్మయ్య. ఉబ్బుతోంది.

ఒకసారి పక్కనుంచి లే న్వే ఆమె పైగుడ్డ లాగింది. కళ్ళు తెరవకూడదు కాబట్టి సేన్ మ్యా తెరవలేదు. గుంజుతోంది, గుంజుతోంది అని పేరు పెట్టి మళ్ళీ పొట్ట దగ్గరికి వచ్చేసింది. లే న్వే ఇంకా గట్టిగా లాగింది. ఇంకా గుంజుతోంది. తగ్గుతోంది.

ఇలా మూడు రోజులు గడిచాయి. సేన్ మ్యాకి తన మీద తనకే గౌరవం కలిగింది. పక్కవాళ్ళు అటూ ఇటూ కదులుతున్నారు, ఎవరో ముక్కుతో బుస్సుమని నవ్వు ఆపుకుంటున్నారు. కుదురు లేని మనుషులు అనుకుంది. తను మాత్రం ఇన్నాళ్ళూ ఈ విద్య ఎందుకు పట్టలేదో! తెర అవతల ఆయన తన మౌనానికి ఎంత ఆశ్చర్యపోతున్నాడో!

నాలుగో రోజు ఆడవాళ్ళని వరసగా పిలిచి, ఎవరికి ఏం అనుభవమైందో సయాడో అడిగాడు. మాకు మైకుల్లో ప్రవచనాలు వినీ వినీ, ధ్యానంలో ఏ మెట్టు మీద ఏం కనబడాలో పుట్టుకతోనే వచ్చినట్టు వచ్చేస్తుంది. సేన్ మ్యా చేతులు జోడించి, గొంతు తగ్గించి, ముఖం తేటగా పెట్టుకుని చెప్పింది.

"స్వామీ, ఉబ్బడం తగ్గడం తప్ప వేరే ఏమీ లేదు. ఆలోచనలు రావడం లేదు. మనసు నిలిచిన నీళ్ళలా ఉంది. కాసేపు వెలుగు లాంటిది కూడా కనబడింది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు రెండోవాళ్ళకి అంటుకుంది, మూడోవాళ్ళకి అంటుకుంది, చూస్తుండగానే వరస వరసంతా పైగుడ్డలు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. లే న్వే కళ్ళు తుడుచుకుంటూ చెయ్యెత్తింది.

"స్వామీ, ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడు."

"అక్కా, వెలుగు సంగతి మాకు తెలీదు గానీ, మోకాలి నూనె సంగతి మాత్రం అందరికీ తెలుసే! నువ్వు అనుకోవడం లేదు. అంటున్నావు! పైకే అంటున్నావు! మూడు రోజుల నుంచి! చెబుదామంటే మౌనం, గుంజితే 'గుంజుతోంది' అంటావు, నేను చచ్చేదాన్ని!"

సేన్ మ్యా సయాడో ముఖంలోకి చూసింది, ఇది అబద్ధమని ఆయనైనా చెప్పకపోతాడా అని. ముసలాయన గంభీరంగా తలూపాడు.

"గోలగా ఏం లేదమ్మా. గొణుగుడే. కాకపోతే స్పష్టంగా ఉంది."

"తెర... తెర అవతలికి కూడానా స్వామీ?"

"గుడ్డ తెరేగా" అన్నాడాయన.

సేన్ మ్యాకి తల కొట్టేసినట్టయింది. పాపం, ఆవిడ తప్పు మాత్రం ఏముంది చెప్పండి? పుట్టిన దగ్గర్నుంచీ అనుకోవడం, అనడం ఆవిడకి రెండు పనులు కావు. అనుకోమంటే అనేసింది.

"నీ మొదటి పాఠం బాగానే అయింది. ఇప్పుడు అదే, నోరు కదపకుండా చెయ్యి" అన్నాడు సయాడో.

ఆ సాయంత్రం పెదవులు పళ్ళ మధ్య బిగించి కూచుంది. నరకం! బయటికి దారి మూసేసరికి మాటలన్నీ లోపలే తిరగడం మొదలుపెట్టాయి. సిగ్గు, సిగ్గు. లే న్వే మీద కోపం. నవ్విన వాళ్ళందరి మీదా కోపం. కోపం, కోపం అని పేరు పెట్టింది. మామూలుగా కోపం వస్తే నోట్లోంచి తిట్టుగా వెళ్ళిపోయేది, దాని ముఖం ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడది ఎక్కడికీ పోలేక ఎదురుగా కూచుంది. చూడగా చూడగా చల్లబడింది. చల్లబడ్డాక దాని కింద ఇంకొకటి కనబడింది. దానికేం పేరు పెట్టాలో కాసేపు తోచలేదు. తరువాత తోచింది.

భయం.

ఆయన లేని ఇల్లంటే భయం. పొద్దున్న లేచి ఎవర్ని తిట్టాలో తెలియని ఇల్లు. సేన్ మ్యా ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడవడం ఆవిడకి అదే మొదటిసారి. ఏడుపు, ఏడుపు. తడి. ఉబ్బుతోంది. తగ్గుతోంది. ఆ తరువాత నాలుగైదు ఊపిర్ల పాటు నిజంగానే ఇంకేమీ లేదు. పొట్ట, ఊపిరి, అంతే. ఆ కాస్తలోనే ఎంత హాయిగా ఉందంటే, గంట మోగినప్పుడు ఎవరో భుజం మీది బుట్ట దించినట్టనిపించింది.

మర్నాడు సయాడో దగ్గర ప్రవచనాల మాటలేవీ వాడలేదు.

"భయంగా ఉంది స్వామీ. మా ఆయన ఉండిపోతారా?"

"నువ్వు ధ్యానానికి వచ్చావా తల్లీ, కాపలాకి వచ్చావా?"

"కాపలాకే స్వామీ" అంది. ఇక దాచి ఏం లాభం?

ముసలాయన నవ్వాడు. "సరే, మంచిది. కాపలా కాస్తున్నప్పుడు కాపలా అని గమనించు. పొట్టని మాత్రం వదలకు."

మిగిలిన రోజులు అలాగే గడిచాయి. తిక్క మనసు తిక్కగానే ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కేవి. మధ్యాహ్నం అన్నం మీదికి మనసు పోయేది, కునుకు పట్టేది, ఒకసారైతే గురక కూడా వచ్చిందని లే న్వే తరువాత ఊరంతా చెప్పింది. అయినా రోజుకి ఒకటో రెండో మార్లు ఆ నాలుగైదు ఊపిర్లు దొరికేవి. వాటి కోసం మిగతా గంటలన్నీ కూచునేది. గొంతు మాత్రం బయటికి రాలేదు.

చివరి రోజు సయాడో ఆవిడని తన గదికి పిలిపించాడు. లే న్వే గుమ్మం దగ్గర ఆగిపోయింది. సాన్ పే చీవరంలో గోడవారన కూచుని ఉన్నాడు. సేన్ మ్యా మూడుసార్లు మొక్కి, చేతులు జోడించి కూచుంది.

"ఈయన నిన్నొక మాట అడగాలట" అన్నాడు సయాడో.

సాన్ పే గొంతు సవరించుకున్నాడు. "నేను..." అన్నాడు. ఆగాడు.

ఆ ఖాళీలో వెయ్యి మాటలు దూరబోయాయి. సేన్ మ్యా నోరు తెరుచుకోబోతోందని గమనించింది. పెదవి అదురుతోందని గమనించింది. ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వాక్యాన్ని ఆయనకే వదిలేయడం అదే మొదలు.

"నేను ఇక్కడ ఉండిపోనా దాయకమ్మా?"

అదే మాట. ఇక తప్పించుకునే దారి లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక ఊపిరి తీసుకుంది, వదిలింది.

"మీకు ఇక్కడ బాగుంటే ఉండండి స్వామీ. నేను అడ్డం రాను. మనస్ఫూర్తిగానే అంటున్నాను. భయంగా ఉంది, అబద్ధమెందుకు, చాలా భయంగా ఉంది. అయినా ఉండండి."

అది నిజంగా మనస్ఫూర్తిగానే అంది. గుమ్మం దగ్గర లే న్వే ముక్కు చీదింది.

సాన్ పే చీవరం కొస సర్దుకున్నాడు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. అప్పుడు ఆ మనిషి తన జన్మలో అన్నిటికంటే పెద్ద మాట మాట్లాడాడు.

"లాంచీ పోయాక ఆ పీట మీద కూచుని అనుకునేవాణ్ణి, నేనున్నా లేకపోయినా ఈ ఇంటికి ఒకటేనని. గరిటె పట్టనివ్వవు. గిన్నె కడగనివ్వవు. ఇక్కడైతే కనీసం ఎవరికీ అడ్డం కాను కదా అనుకున్నాను. మొదటి మూడు రోజులూ తెర అవతల కూచుని విన్నాను. నీ పొట్ట ఉబ్బడం తగ్గడం కొద్దిగానే ఉంది. మిగతాదంతా నేనే. నా మోకాలు, నా దగ్గు, నేను అన్నం తిన్నానో లేదో. నీ బుర్రలో నాకింత చోటుందని నాకు తెలీదు. నాలుగో రోజు నీ గొంతు ఆగిపోయింది. జబ్బు చేసిందేమోనని రెండుసార్లు లేచి తెర పక్కకి జరిపి చూశాను. సయాడో గారు కోప్పడ్డారు."

"కోప్పడ్డాను" అన్నాడు సయాడో.

సేన్ మ్యా పట్టిన ఇన్నాళ్ళ మౌనం, నాలుగైదు ఊపిర్ల శాంతి, జోడించిన చేతులు, అన్నీ ఉన్న పళంగా ఎగిరిపోయాయి.

"ముందే చెప్పి చావొచ్చుగా!"

లే న్వే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చీవరంలో ఉన్న భిక్షువుని, అదీ సయాడో ఎదుట, చావమనడం! సేన్ మ్యాకి తనేమందో అప్పుడు తెలిసింది. గబగబా నుదురు నేలకి ఆనించి, "తప్పయిపోయింది స్వామీ, పాపిష్టి నోరు, క్షమించండి, క్షమించండి" అని మొక్కుతూనే ఉంది. మొక్కుల లెక్క తప్పింది. తల ఎత్తితే ఏడుస్తున్న ముఖం కనబడుతుందని తల ఎత్తలేదు కూడా.

చీవరానికి తగ్గ పెద్దరికంతో, చక్కగా వెన్ను నిలబెట్టుకుని, సాన్ పే అన్నాడు.

"క్షమించాను దాయకమ్మా. రేపు పొద్దున్నే నా లుంగీ పట్టుకురా."